ఆవిడ కాళ్ళకి ఏ జబ్బూ లేదు

ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. ఆవిడ కాళ్ళకి ఏ జబ్బూ లేదు.

ఆవిడకి బోదకాలు ఉందన్న మాట మా రిసార్టులో పుట్టి, దిండి నుంచి రాజోలు దాకా తిరిగింది. అది అబద్ధమని తెలిసినవాళ్ళం ఇద్దరమేననుకున్నాను, ఆవిడా నేనూ. ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. నేను చెప్పాల్సిన చోటల్లా నోరు మూసుకున్నాను. కిందటి నెల ఆవిడ పోయిందని మా పాత వంటమనిషి ఫోన్ చేసినప్పుడు, తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాననుకున్నాను.

రెండువేల నాలుగు ప్రాంతంలో నేను వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక చిన్న రిసార్టుకి మేనేజర్ని. పద్నాలుగు గదులు, రెండు హౌస్‌బోట్లు. మా ఓనరు గారు హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో కాళ్ళకి గాలి పట్టించుకుని వచ్చి, మనకీ అలాంటి మిషను ఉండాలన్నారు. నెల తిరక్కుండా దిగింది. చూడ్డానికి చిన్న పెట్టె. దాన్నుంచి గొట్టాలు. ఆ గొట్టాల చివర తొడల దాకా వచ్చే రెండు పొడుగాటి సంచులు, వాటికి జిప్పులు. మేము వాటిని గాలి బూట్లు అనేవాళ్ళం. మనిషిని పడుకోబెట్టి, కాళ్ళు వాటిలో పెట్టి మీట నొక్కితే ముందు పాదం దగ్గర గాలి నిండి బిగుస్తుంది, తరవాత పిక్క, తరవాత మోకాలు, తరవాత తొడ. కాసేపు అలా పట్టి ఉంచి ఒక్కసారిగా ఉస్సుమని వదిలేస్తుంది. మళ్ళీ పాదం దగ్గర మొదలు. అరగంట అలా నొక్కించుకుంటే కాళ్ళ అలసట పోతుందని బోర్డు రాయించాం.

నడపడానికి మనిషి కావాల్సి వచ్చింది. మిషనరీ ఆసుపత్రిలో ఆయాగా చేసి, అది మూతపడ్డాక ఇంటి దగ్గరే ఉంటున్న ఒకావిడ రాజోలు పక్క పేటలో ఉందని, ఇలాంటిది అక్కడ నడిపిందని ఎవరో చెప్పారు. కబురు పెడితే మర్నాడే బస్సు దిగి వచ్చింది. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లచీర. ఆఫీసు గదిలోకి వచ్చి నా మొహం చూడకుండా బల్ల కింద నా పాదాలు చూసింది.

"కాళ్ళు బాగున్నాయాండీ?"

బాగున్నారా అని అడగడానికి బదులు అలా అడిగిందనుకుని, బాగానే ఉన్నానన్నాను.

"బాగా లేవండి. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు మీరు. మేజోడు ఒత్తుకుని గీత పడిపోయింది. ఆయ్."

తరవాత తెలిసింది, ఆవిడ అందర్నీ అలాగే పలకరిస్తుందని. ఓనరు గారినీ, బోటు నడిపేవాళ్ళనీ, కొబ్బరికాయల లారీ డ్రైవర్నీ. మనుషుల్ని పాదాల్ని బట్టే గుర్తుపెట్టుకునేది. "ఆ కుడి మడమ పగిలినాయన వచ్చేరండి" అంటే అది కరెంటు బిల్లు తెచ్చే అతను.

పనిలోకి దిగేముందు చేతి గాజులు తీసి స్టీలు గ్లాసులో వేసేది. అరచేతులు రెండూ రుద్దుకుని వేడి చేసుకునేది. గాలి బూటు తొడిగే ముందు బొటనవేలితో ముంగాలి ఎముక మీద గట్టిగా నొక్కి, ఒకటి రెండు మూడు అని పెదాలతో లెక్కపెట్టేది. నొక్కిన చోట సొట్ట ఎంతసేపటికి నిండుతుందో చూడ్డం. అది ఆసుపత్రి అలవాటు. ఆ పైన ప్రశ్నలు. ఏ కాలు ముందు వాచింది, జొరం వచ్చిందా, గజ్జల్లో బిళ్ళ కట్టిందా. సెలవులకి వచ్చిన హైదరాబాదు జనం బెదిరిపోయేవాళ్ళు. ఒకరోజు పిలిచి చెప్పాను.

"అమ్మా, ఇది ఆసుపత్రి కాదు. సరదాకి వస్తారు. వాళ్ళ దగ్గర రోగాల పేర్లు ఎత్తకండి."

"ఆయ్," అంది. అప్పట్నుంచి ప్రశ్నలు మానేసింది గాని బొటనవేలితో నొక్కడం మానలేదు. కాలు ఒకటే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం జిప్పు వేసేది కాదు. "ఇవాళ మిషను బాలేదండి" అని పంపేసేది. నేను వెళ్ళి చూస్తే మిషను బాగానే ఉండేది.

కరెంటు పోవడం రోజూ ఉండేది. ఒకసారి పెద్ద వ్యాపారస్తుడు ఒకాయన పడుకుని ఉండగా, బూట్లు నిండుగా బిగిసి ఉన్నప్పుడు పోయింది. జనరేటరు అందుకోలేదు. ఆయన గావుకేకలు. "నా కాళ్ళు! నా కాళ్ళు పోయాయి, తియ్యండి!" ఆవిడ తాపీగా వెళ్ళి గొట్టాలు ఊడబీకింది. బుస్సుమని గాలి పోయింది. "కరెంటు పోయిందండి. కాళ్ళు ఇక్కడే ఉన్నాయి, చూసుకోండి," అంది. ఆయన ముందు ఉరిమి చూసి తరవాత పగలబడి నవ్వాడు. వెళ్ళేటప్పుడు కాళ్ళు బాగున్నాయాండీ అని ఆవిణ్ణే తిరిగి అడిగాడు.

ఆవిడ అసలు పని ఇది కాదు. పొద్దున్నే పసిపిల్లలకి నీళ్ళు పోసేది. చిన్నపీట మీద కూచుని రెండు కాళ్ళూ బారజాపి, బిడ్డని ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికి ఇచ్చేది. రాజోలులో పురుడొచ్చిన ఇళ్ళల్లో ఆవిడ కోసం ముందే చెప్పి పెట్టుకునేవాళ్ళు. కులం, మతం అడిగే ఇళ్ళల్లో కూడా ఆ పెరటి గుమ్మం ఆవిడకి తెరిచే ఉండేది. రెండు మూడు ఇళ్ళు ముగించుకుని పదింటి బస్సుకి మా దగ్గరికి వచ్చేది.

"నా కాళ్ళ మీద ఎంతమంది పెరిగేరోనండి. అందులో ఒకడు ఈ బస్సుకే కండక్టరు. ముఖం చూసి టిక్కెట్టు అడుగుతాడు, సిగ్గులేనోడు!"

ఇక మా అమ్మ సంగతి.

మా అమ్మకి ఎడమది బోదకాలు. తొంభైల్లో మొదలైంది. ముందు చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, నాలుగు రోజులకి తగ్గడం. వచ్చి తగ్గిన ప్రతిసారీ కాలు కాస్త వాపు మిగుల్చుకునేది. పదేళ్ళకి చీర కుచ్చెళ్ళ కింద దాగడం మానేసింది. మా కోనసీమలో ఇది కొత్తేం కాదు, కాలు అంటే చాలు అర్థమవుతుంది. వీధికి ఒకరుంటారు. అయినా ఇంటికి ఎవరైనా వస్తే అమ్మ ఆ కాలు మంచం మీద దుప్పటి కింద పెట్టుకుని కూచునేది. సంబంధాలకి వచ్చేవాళ్ళు ఆ ఇంట్లో కాలుందా అని పక్కింట్లో వాకబు చేసి మరీ వచ్చేవాళ్ళు, అదేదో వంశంలో దిగేదైనట్టు. ఇది దోమ కుడితే వస్తుందని ప్రభుత్వాసుపత్రి గోడ మీద రాసి ఉండేది. నేను బీకాం చదివాను. ఆ గోడ ముందు నుంచే కాలేజీకి వెళ్ళాను. అయినా నాకూ అదే బెరుకు.

ఒకరోజు ఆవిడతో అన్నాను, మా బంధువులొకావిడ ఉన్నారు, కాలు కాస్త వాపు, మిషను పనికొస్తుందా అని.

ఆవిడ తల ఎత్తలేదు. "అమ్మగారాండీ?"

ఎవరైనా విన్నారేమోనని నేను గుమ్మం వైపు చూశాను.

"బుధవారం తీసుకురండి. బోట్లు వెళ్ళిపోయాక ఖాళీయే కదండి."

అలా బుధవారం బుధవారం, గెస్టులంతా బోట్ల మీద ఉన్న వేళ, అమ్మని ఆటోలో తెచ్చి వెనక గేటు నుంచి లోపలికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆవిడ ముందు మిషను ముట్టుకునేది కాదు. అమ్మని కుర్చీలో కూచోబెట్టి, కింద గోనె పట్టా మీద తను కూచుని, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని సబ్బుతో కడిగేది. మడతల్లో, వేళ్ళ సందుల్లో. తరవాత మెత్తటి పాతగుడ్డతో ఒక్కో సందూ తుడిచేది. "నీళ్ళు పోసుకోవడం అందరికీ వచ్చండి, తుడుచుకోవడమే రాదు. చెమ్మ ఉంటే పుండు, పుండుంటే జొరం, జొరం వస్తే ఇంకో వాపు." ఆ తరవాతే గాలి బూటు, గాలి తక్కువ పెట్టి. దించాక బట్టకట్టు, పాదం నుంచి పైకి.

మొదటిరోజు మిషను కింద అమ్మ గుర్రుపెట్టి నిద్రపోయింది. వెళ్ళేటప్పుడు ఆటోలో, "బిందె దించినట్టుందిరా," అంది.

మూడో వారానికి ఆవిణ్ణి వదినా అని పిలవడం మొదలుపెట్టింది. నాకు నచ్చలేదు.

"ఆవిణ్ణి పట్టుకుని వదినా అంటావేంటమ్మా? ఎవరైనా వింటే?"

"మరేమనాలి? ఈ కాలు మా అక్క కూడా ముట్టుకోలేదురా."

అమ్మ వెళ్ళాక ఆ బూటు లోపలంతా నేను స్పిరిటుతో తుడిచేవాణ్ణి. ఒకసారి కాదు, రెండుసార్లు. అది ఆవిడ చూసింది.

అప్పుడే మా తమ్ముడికి సంబంధం కుదురుతోంది. పిల్లది కొత్తపేట. మధ్యవర్తి మా ఓనరు గారే. పిల్ల తండ్రి ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. మా ఇంటి గురించి ఆయన హామీ ఇచ్చాడు. పెళ్ళిచూపులనాడు అమ్మకి మోకాళ్ళ నొప్పులని చెప్పి దుప్పటి కప్పాం.

ఒక బుధవారం అమ్మని ఆటో ఎక్కించి వచ్చేసరికి స్పా గది ముందు గొడవగా ఉంది. తలనొప్పని బోటు ఎక్కకుండా ఉండిపోయిన గెస్టు ఒకావిడ గాలి బూట్ల కోసం వచ్చిందట. బాత్రూములో తీగ మీద బారెడు బట్టకట్టు ఆరేసి ఉంది. కింద ఒక రబ్బరు చెప్పు, కాలు పట్టడానికి పక్క పట్టీ కోసేసి ఉన్న ఎడమకాలి చెప్పు. ఆ రోజు కొత్త కట్టు లావుగా పడి చెప్పు పట్టకపోతే, అమ్మ దాన్ని వదిలేసి వెళ్ళిపోయింది. గెస్టుకి సంగతి అర్థమైంది. "ఏనుగుకాలు వాళ్ళకి వాడినవి మాకు తొడుగుతున్నారా?" అని అరుస్తోంది. ఖర్మకొద్దీ ఓనరు గారు ఆ రోజు అక్కడే ఉన్నారు.

ఆయన గెస్టుని పంపేసి, ఇద్దర్నీ లోపలికి పిలిచి తలుపు వేశారు. చెప్పు వైపు వేలు చూపించారు.

"ఎవరిదిది?"

నేను నేల వంక చూస్తున్నాను. ఆవిడ నా వంక చూసిందో లేదో నాకు తెలియదు.

"నాదేనండి," అంది.

"నీ కాలా?"

"ఆయ్."

"ఎన్నాళ్ళనుంచి? చెప్పకుండా పనిలో చేరావా? ఆ మిషను నీ కాలికి వాడుకుంటున్నావా?"

ఆవిడ చెయ్యి చీర అంచు దగ్గరికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఇప్పటికీ నాకు తెలీదు. చూపించబోయిందేమో. ఆ అంచు జానెడు లేస్తే చాలు, అందరికీ కనపడేది. ఎండు కొబ్బరిమట్టలా సన్నటి కాలు.

"వద్దు వద్దు! దించు, దించు!" అని ఓనరు గారు మొహం అటు తిప్పేసుకున్నారు. ఆవిడింకా ఎత్తనేలేదు.

తరవాత నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నీకు తెలుసా ఇది?"

"తెలీదండి," అన్నాను.

అంతే. ఆవిడ గ్లాసులోంచి గాజులు తీసి వేసుకుంది. గుమ్మం దాటుతూ నాకు మాత్రమే వినపడేలా, "అమ్మగారికి చెప్పండి, వేళ్ళ సందులు మర్చిపోవద్దని," అంది. ఆ సాయంత్రం ఓనరు గారు ఆ బూట్లు తగలబెట్టమన్నారు. కిరసనాయిలు పోసి నేనే తగలబెట్టాను. ఆ పొద్దునే వాటిలో మా అమ్మ నిద్రపోయింది.

అమ్మకి మిషను పాడైందని చెప్పాను. "వదిన ఎలా ఉందిరా?" అని అడిగినప్పుడల్లా బాగానే ఉందన్నాను.

వదినకి ఏమైందో నాకు తెలుసు. బోటువాళ్ళు, వంటవాళ్ళు, ఆటోవాళ్ళు, బస్సు, రాజోలు. వారం పట్టలేదు. పసిబిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకునే మనిషికి కాలుందని తెలిశాక ఏ ఇల్లు పిలుస్తుంది? ఒక్కొక్క పెరటి గుమ్మమే మూసుకుంది.

మరుసటి ఏడు మా ఆవిడకి రెండో కాన్పు. పుట్టిల్లు రాజోలే. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు మా అత్తగారు కాఫీ ఇస్తూ అడిగారు.

"అల్లుడు గారూ, నీళ్ళు పొయ్యడానికి ఆవిడంత మనిషి లేదండి. కాని కాలుందంటన్నారు. మీ దగ్గర పని చేసింది కదా. నిజమేనాండీ?"

ఇంతకంటే సూటిగా ఎవరడుగుతారు? గదిలో మేమిద్దరమే ఉన్నాం. కాదండి అంటే ఆవిడకి ఒక ఇల్లు తెరుచుకునేది. మా అత్తగారి మాట మీద ఇంకో పది తెరుచుకునేవి. తమ్ముడి పెళ్ళి ముహూర్తం ఇంకా నెలరోజులుంది.

"ఏమోనండి. నేను చూళ్ళేదు," అన్నాను.

"పోన్లెండి, పసిగుడ్డు. మనకెందుకు," అన్నారావిడ.

నా కూతురికి వేరేవాళ్ళు నీళ్ళు పోశారు.

తమ్ముడి పెళ్ళి అయిపోయింది. ఆరు నెలలకి వియ్యంకుడు మా ఇంటికి వచ్చి, అమ్మ కాలు మీద దుప్పటి జారితే చూసి, "ఇదాండీ మీ మోకాళ్ళ నొప్పి? మా మేనత్తకి రెండూ ఉన్నాయండి. ఆవిడ ఎనభై ఏళ్ళు బతికేరు," అని నవ్వేశాడు. దీనికోసమా అనుకున్నాను. ఆ రోజైనా నేను రాజోలు బస్సెక్కి ఉండాల్సింది. ఎక్కలేదు.

మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆ తరవాతే వెళ్ళాను, పేటకి. ఆవిడ అప్పటికి రొయ్యల షెడ్డులో పనికి వెళ్తోంది. పొద్దస్తమానం ఐసునీళ్ళలో నిలబడి రొయ్యలు ఒలవడం. అరుగు మీద కాళ్ళు బారజాపుకుని కూచుని ఉంది. వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి. నన్ను చూసి చీర సర్దుకోలేదు. ఆ కాళ్ళు అలాగే ఉన్నాయి, సన్నగా, నున్నగా.

"కాళ్ళు బాగున్నాయాండీ?" అంది.

అమ్మ పోయిందని చెప్పాను. "ఆఖర్న జొరం వచ్చిందాండీ?" అని అడిగింది. వచ్చిందన్నాను. తల ఊపింది.

తప్పు చేశానమ్మా, క్షమించండి అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. అలిసిపోయినట్టుగా, ఈ మాట ఇంకా అవ్వలేదా అన్నట్టుగా చూసింది.

"మీ కోసం చెయ్యలేదండి అది. మీ తమ్ముడుగారి సంబంధం మాట ఆ పొద్దునే అమ్మగారు చెప్పేరు. ఎంత సంతోషంగా చెప్పేరనుకున్నారు! ఆ మాట నా చెవుల్లో ఉండగా చెప్పు ఆవిడదని ఎలా అంటానండి?"

"అయినా..."

"ఇది ఇంత దూరం వెళ్ళుద్దని నేనూ అనుకోలేదండి. ఉద్యోగం పోతే పోయింది, నీళ్ళు పోసుకోడానికి పిల్లలు ఉన్నారు కదా అనుకున్నాను. ఆ పిల్లలే పోతారనుకోలేదు." కాళ్ళు దగ్గరికి తీసుకుని, "నాకు చెప్పి ఏం లాభమండి? నా కాళ్ళ సంగతి నాకు తెలుసు. తెలియనోళ్ళకి చెప్పండి," అంది.

ఆయ్ అని లేచి వచ్చేశాను. తరవాత రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు, అందరూ మర్చిపోయి ఉంటారు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మర్చిపోయినవాళ్ళకి గుర్తుచేస్తే నేను బయటపడతాను.

కిందటి నెల, ఆవిడ పోయిన పదో రోజున, పేటలో చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. వెళ్ళాను. చాపల మీద నిండా జనం. రాజోలు నుంచి కూడా కొందరు వచ్చారు. ఒకప్పుడు ఆవిణ్ణి పిలిచిన ఇళ్ళవాళ్ళు. పాట అయ్యాక పాస్టరు గారు, ఆవిడ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పాలనుకుంటే చెప్పండి అన్నారు. షెడ్డులో పనిచేసేవాళ్ళు ఇద్దరు చెప్పారు. తరవాత నేను లేచాను.

"నేను ఆవిడ పనిచేసిన రిసార్టులో మేనేజర్నండి. ఆవిడకి కాలుందని ఒక మాట పుట్టింది. అది నిజం కాదండి. ఆవిడ కాళ్ళకి ఏ జబ్బూ లేదు. అందరికీ చెప్పాలని వచ్చాను," అని కూచోబోయాను.

వెనక చాప మీంచి ఒక పెద్దావిడ గట్టిగా అడిగింది. "జబ్బు లేదని మాకు తెలుసు బాబూ. పోయాక మేమే స్నానం చేయించేం, చూసేం. మరి ఆ చెప్పు ఎవరిది?"

నేను మళ్ళీ తప్పించుకోబోయానని అప్పుడు తెలిసింది. నిజం చెప్తున్నాననుకుంటూనే సగం మింగేశాను. అందరూ నా వైపే చూస్తున్నారు. ముందు వరసలో ఆవిడ కూతురు, ఒళ్ళో చంటిబిడ్డతో.

"మా అమ్మదండి," అన్నాను. "మా తమ్ముడి సంబంధం చెడిపోతుందని ఆవిడ తనదని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. నన్ను అడిగారు. తెలీదన్నాను. తరవాత మా అత్తగారు అడిగారు. చూళ్ళేదన్నాను. మీ ఇళ్ళల్లో ఆవిణ్ణి పిలవడం మానేశారంటే ఆ తప్పు మీది కాదండి."

కూతురు వైపు తిరిగాను. ఆమె బిడ్డని భుజం మీదికి మార్చుకుంది.

"నాదమ్మా. మీ అమ్మగారి పని నేను పోగొట్టాను. క్షమించండి."